ఏడో లైను ఇంకా తెరిచే ఉంది

1. తెరలు కడిగే రోజు

మిషను గది చిట్టాలో వేడి ఎంత, కరెంటు ఎంత, గాదె ఎలా నడుస్తోంది, ఈ మూడే రాయాలని రూలు. రాస్తున్నాను. వేడి ఎక్కువ. కరెంటు సరిపడా. గాదె ఈడుస్తోంది. రూలు ముగిసింది, ఇక్కణ్ణించి నా ఇష్టం. నోరు కట్టుకుని కూర్చోవడం నావల్ల ఎప్పుడూ కాలేదు.

గాదె అంటే మా ఊరి సర్వరు. ఎవరి గాలి వాటా ఎంత, ఎవరు ఏ గూట్లో పడుకుంటారు, తిండికీ గాలికీ పెంచే పాచి తొట్లలో ఎంత పంట దిగింది, ఎవరికి ఎవరు పుట్టారు, అన్నీ దాని కడుపులోనే. మా పెద్దవాళ్ళతోపాటు తొలి ఓడలో దిగిన మిషను మీద ఇన్నేళ్ళూ నడిచింది. ఇప్పుడు ఆ మిషన్ని చల్లబరిచే గొట్టం కారుతోంది. పైన గుడ్డ కట్టాను, ఆ గుడ్డ మీద ఇంకో గుడ్డ కట్టాను, కింద బకెట్టు పెట్టాను. ఇక లాభం లేదని మనవాళ్ళే ఇక్కడి లోహంతో కొత్త మిషను కట్టి, గాదెని అందులోకి మార్చే పని నా నెత్తిన పెట్టారు. పాతది ఆగేలోపు కొత్తది అందుకోవాలి. అంటే గాదెని నడిపించే కోడు రెండింటి మీదా ఒకేలా నడవాలి. ఒకేలా అన్న మాట ఎంత సులువుగా అంటారో మిషను ముట్టుకోనివాళ్ళు.

ఇవాళ కొత్తదానికి వంటశాల లైను, అంటే వాళ్ళు గాదెతో మాట్లాడే తీగ, ఒక్కటి ఇచ్చి చూశాను. లైను అవతలివాళ్ళు ఏమీ మాట్లాడకపోతే ఎంతసేపు ఆగి మూసెయ్యాలో ఒక అంకె ఇస్తాం, దాన్నే టైమౌట్ అంటాం. ఆ అంకెని పాత మిషను సెకన్లు అనుకుంటుంది. కొత్తది సెకనులో వెయ్యో వంతులు అనుకుంటుంది. నేను పాత అంకెనే దించేశాను. వంటశాల లైను తెరిచీ తెరవగానే తెగింది, మళ్ళీ తెరిచారు, మళ్ళీ తెగింది. కాసేపటికి వంటశాల నూర్జహాన్ గరిటెతో సహా వచ్చింది.

"ఏమే తాయారూ, నీ కొత్త మిషను నన్ను నోరు తెరవనివ్వట్లేదు. మా ఆయన కూడా ఇంత తొందరపడడు," అంది.

వెయ్యితో గుణించి సరిచేశాను. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ 'ముందు కొలత చూసుకోండి' అని పాఠం చెప్పేది నేనే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

2. పాచి కోత రోజు

కోతకి ఊరంతా తొట్ల దగ్గరికి పోయింది. మా దగ్గర పొద్దు పొడవదు, గూకదు. కిటికీ నిండా పెద్దమ్మ, అంటే మేం చుట్టూ తిరిగే పెద్ద గ్రహం, ఎప్పుడూ ఒకేచోట కూర్చుని ఉంటుంది. అందుకే రోజులకి పనుల పేర్లు పెట్టుకున్నాం. కోత రోజున గాదెతో ఎవరికీ పనుండదు, లైన్లన్నీ వాళ్ళే మూసుకుని పోతారు. నాకు కావల్సింది అదే.

పాతది వినేదంతా కొత్తది కూడా వినేలా తీగ కలిపాను. వినడమే, బదులు పలకకుండా నోరు కట్టేశాను. ఊరంతా మూసుకుని పోయింది గనక అది మూయాల్సిన లైనంటూ ఉండకూడదు. కాసేపయ్యాక కొత్తది తెర మీద రాసింది: పలకని లైను ఒకటి మూశాను.

ఏ లైను? చూస్తే ఏడోది. ఊళ్ళో ఏడో లైను ఎవరికీ లేదు. ఆరు తర్వాత ఎనిమిదే, అది నీళ్ళ గదిది. పాతదాన్ని అడిగితే ఏడో లైను తెరిచే ఉంది అంది. ఎప్పటినుంచి అంటే, మేం ఇక్కడ దిగకముందు నుంచి.

మా ఊళ్ళో పిల్లలకి మొదట నేర్పే మాట 'తెరిచింది మూయి'. బయట గాలి లేనిచోట తలుపు తెరిచి ఉంచేవాడు హంతకుడితో సమానం. ఆ పెంపకంలో పెరిగినదాన్ని కనక నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఒక లైను తెరిచి వదిలేసిన ఆ మహానుభావుడెవరో తెలిస్తే చెవి మెలేద్దును. కొత్తది ఎంత శుభ్రంగా మూసిందో చూసి గర్వపడ్డాను కూడా.

తర్వాత కూర్చుని ఆలోచించాను. పాతదానికీ టైమౌట్ ఉంది కదా, మరి ఇన్నేళ్ళు ఎందుకు మూయలేదు?

కోడు విప్పితే తెలిసింది. లైను దగ్గర చెవి పెట్టి కూర్చున్న గాదెని లేపడానికి పాతకాలంవాళ్ళు ఒక సిగ్నల్ పెట్టారు. టైం అవగానే సిగ్నల్ మోగుతుంది. మోగినప్పుడు కొత్త మిషను మీద వినడం తెగిపోతుంది, గాదె లేచి, ఎవరూ లేరని లైను మూసేస్తుంది. పాత మిషను మీద అలా కాదు. సిగ్నల్ మోగుతుంది, విన్నానంటుంది, మళ్ళీ వినడంలోకే జారుకుంటుంది. కుక్కరు కూత వినగానే ఒకామె లేచి స్టౌ కట్టేస్తుంది, ఇంకొకామె 'ఆఁ' అని అటు తిరిగి పడుకుంటుంది. కోడు ఒకటే, పడుకునేవాళ్ళు వేరు. పాతదాని టైమౌట్ పుట్టినప్పటినుంచి ఒక్కసారీ పనిచెయ్యలేదు. మనుషులు వాళ్ళ లైన్లు వాళ్ళే మూసుకున్నారు కనక ఎవరికీ తెలియలేదు. ఏడో లైనువాళ్ళు మాత్రం మూయలేదు.

3. నీళ్ళు పట్టే రోజు

ఏడో లైను తీగ పట్టుకుని పోతే పైకప్పు మీది గిన్నె దగ్గర తేలింది. గిన్నె అంటే గాజు కప్పు కింద కూర్చుని ఆకాశాన్ని విని బదులు చెప్పే పెద్ద పళ్ళెం. దాన్ని చూసుకునేది పైడిరాజు మావ. అరవై దాటింది, తొలి ఓడలో కుర్రాడిగా వచ్చినవాడు. గిన్నెని పెద్దమ్మ వైపు తిప్పి అది కక్కే కిరణాల తుఫాన్లు ముందే పసిగట్టమని ఊరి పెద్ద ఇస్సాకు గారు ఏళ్ళ తరబడి చెప్తున్నారు. ఇరుసు పట్టేసిందని మావ ఏళ్ళ తరబడి బదులు చెప్తున్నాడు.

"మావా, ఏడో లైను నీ గిన్నెదే. అటువైపు ఎవరున్నారు?" అన్నాను.

అతను గిన్నె మీద మంచు గీకుతున్నవాడు ఆగాడు. "అటేపా? అటేపు మా అప్ప ఉంది," అన్నాడు.

అప్ప అంటే వాళ్ళ వైపు అక్క. పేరు పైడితల్లి. అమ్మానాన్నలు లేకపోతే తమ్ముణ్ణి ఆమే పెంచింది. తమ్ముడికి తొలి ఓడలో చోటొచ్చింది, ఆమెకి మలి ఓడలో. మలి ఓడ ఆ తర్వాత బయల్దేరింది, మనుషుల్ని నిద్రపుచ్చి. దారిలో దాని గొంతు ఆగిపోయింది. ఊరు చాలాకాలం ఎదురుచూసి, చివరికి పోయిందనుకుని పేర్లు గోడ మీద చెక్కించి దణ్ణం పెట్టుకుంది. ఆ గోడ మీద పైడితల్లి పేరు నేనూ రోజూ చూస్తాను.

"ఇరుసు నిజంగా పట్టేసిందా?" అన్నాను.

"ఏటో మరి. ఒకసారి కూడా తిప్పి సూడలేదు," అన్నాడు. నవ్వలేదు. "ఏటే గుంటా, అలాగ సూస్తన్నావు. నువ్వయితే తిప్పీసేదానివేటి?"

కిందికి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఏడో లైను చెవిలో ఇప్పటిదాకా ఏం పడిందో తెర మీదికి తెచ్చాను. గాదె పూర్తి వాక్యం అయ్యేదాకా ఎవరికీ చూపించదు, సగం ప్రశ్న ఎవరికి కావాలి? అందుకే ఎవరూ చూడలేదు. గిన్నె రొదలోంచి ఒక్కొక్క అక్షరం ఏరి గాదెకి ఇస్తూ వచ్చింది, గాదె 'అందింది' అని బదులిచ్చి, మిగతాది వినడానికి కూర్చుంది. ఏళ్ళ తరబడి పోగైన అక్షరాలు ఇవీ:

మలి ఓడ మనుషులకి గూళ్ళు ఎన్ని

అంతే. తర్వాత ఏమీ లేదు. చెవి మెలేద్దామనుకున్నాను నేను.

"ఓడకి పెద్ద గొంతు పోయినట్టుంది," అన్నాడు మావ నెమ్మదిగా. "ఏదో సిన్న దీపం పట్టుకుని సెప్తంది. రొదలో మనకి అందాలని ఒకే అచ్చరం మళ్ళీ మళ్ళీ సెప్పి, మళ్ళీ మళ్ళీ సెప్పి, అందిందని మన గాదె అంటే అప్పుడు ఇంకోటి." కళ్ళు తుడుచుకున్నాడు. "బతికే ఉన్నారమ్మా."

4. తెరలు కడిగే రోజు

గాలి వడగట్టే తెరలు కడగాల్సిన రోజు, నేను కడగలేదు. నా వంతు నూర్జహాన్ కడిగింది, కడిగినంతసేపూ తిట్టింది. నేనూ మావా గాదె ముందే కూర్చున్నాం. అతను పాచి రొట్టె తింటూ అప్ప సంగతులు చెప్పాడు. ఇంజన్ల పని నేర్చిందట, చేతులెప్పుడూ నల్లగానే ఉండేవట, అన్నం కలిపి పెట్టాలంటే ముందు గంటసేపు తోముకునేదట. ఆమె నిద్రలో ఉంది గనక వయసు అక్కడే ఆగింది. ముప్పై కూడా నిండవు.

"నన్ను సూసి ఎవుడీ ముసిలోడు అంటాది," అన్నాడు.

"అంటే అననీ. అప్ప అని పిలువు, తెలుస్తుంది."

"సిగ్గుగా ఉండదేటే, మనవరాలి వయసు పిల్లని అప్పా అని పిలుస్తుంటే," అన్నాడు, అంటూనే నవ్వాడు. మావ నవ్వగా నేను చూడటం అరుదు.

అప్పుడు తెర మీద ఒక అక్షరం పెరిగింది. ఖా. ఏ చప్పుడూ లేదు, ఏ మెరుపూ లేదు. ముందు లేదు, తర్వాత ఉంది. ఓడ దగ్గరయ్యేకొద్దీ అక్షరాలు తొందరగానే అందుతున్నాయని గాదె లెక్క చెప్తోంది, అయినా ఈ అక్షరం అక్కడ బయల్దేరి చాలా రోజులయి ఉంటుంది. ఇంత చీకట్లో, ఇంత దూరం, ఎవరూ తోడు లేకుండా అది నడిచొచ్చి నా చేతిలో పడింది. నేను దేవుణ్ణి అంతగా నమ్మేదాన్ని కాను. చేతులు మాత్రం వాటంతటవే జోడించుకున్నాయి.

5. ఊరకుండే రోజు

ఇస్సాకు గారికి చెప్పాం. ఊరి గాలి లెక్క ఆయనది. మంచివారే, కాకపోతే ప్రతి మాటనీ ఊపిరితో తూచి వదుల్తారు. తెర చూశారు, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రెండు ఓడలకీ బయల్దేరేటప్పుడు ఒక నియమం పెట్టారమ్మాయ్," అన్నారు. "వెనక వచ్చే ఓడ ముందు గాదెని అడగాలి. అందరికీ గూళ్ళుంటేనే వేగం తగ్గించి ఆగాలి. లేకపోతే ఆగకుండా ముందుకి పోవాలి. ఒకసారి ఆగితే మళ్ళీ కదలడానికి ఇంధనం ఉండదు. లైను మూసుకుపోయినా, ఇక్కడ ఎవరూ లేరనే దానికి లెక్క."

"ముందుకంటే ఎక్కడికి?"

"ఎక్కడికో. ఇంకో చోటు దొరికేదాకా."

దొరకదని ముగ్గురికీ తెలుసు. అప్పుడు నాకు రెండు సంగతులు ఒక్కసారిగా తట్టాయి. ఒకటి, కొత్త మిషనుకి నేను నోరు కట్టకుండా ఉండుంటే కోత రోజునే ఏడో లైను మూసి 'ఇక సెలవు' అని చెప్పేసేది. రెండోది, ప్రశ్న పూర్తయితే గాదె ఎవర్నీ అడగదు, తన లెక్క చూసి తనే జవాబిస్తుంది. మలి ఓడకని తవ్విన రెండొందల పద్నాలుగు గూళ్ళ వరస, ఓడ పోయిందనుకున్నాక, ఊరు పంచేసుకుంది. కొన్నింట్లో బడి, కొన్నింట్లో మగ్గాలు, కొన్నింట్లో కొత్తగా పెళ్ళయినవాళ్ళు. ఒకదాంట్లో నా పచ్చడి జాడీలు. ఇవాళ గాదె చెప్పే జవాబు సున్నా.

"అంకె నేను దిద్దేస్తాను. రెండు నిమిషాల పని," అన్నాను.

ఇస్సాకు గారు నా వైపు చూశారు. "దిద్దు. వాళ్ళు నమ్మి వచ్చి ఇక్కడ దిగాక, ఊపిరాడక గిలగిల్లాడుతుంటే నువ్వెళ్ళి చెప్పు అంకె దిద్దానని. గూడంటే మంచం కాదు తాయారూ, గాలి. మింగ మెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె అన్నట్టుంది మన బతుకు."

పైడిరాజు మావ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

6. పాచి కోత రోజు

గొట్టం ఇంకోచోట పగిలింది. పాత మిషను ఇక ఎక్కువ కాలం ఆగదు. ప్రశ్న సంగతి తర్వాత, ముందు లైను బతకాలి.

కోడు మొత్తం తిరగరాశాను. సిగ్నల్ వచ్చి లేపుతుందని నమ్ముకోవడం మానేశాను. ఒక మిషను లేస్తుంది, ఇంకోటి లెయ్యదు, దేన్ని నమ్మను? ఇప్పుడు గాదె తనే కొద్దిసేపు లైను వైపు చూస్తుంది, ఏమీ లేకపోతే తల తిప్పి చుట్టూ ఏం జరుగుతోందో చూసుకుంటుంది, మళ్ళీ లైను వైపు చూస్తుంది. ఇది రెండు మిషన్ల మీదా ఒకేలా నడిచింది. ఎంతసేపు ఇలా చూడాలి అన్నదానికి ప్రతి లైనుకీ ఓ అంకె ఇచ్చాను. ఏడో లైను దగ్గర అంకె బదులు 'ఎంతకాలమైనా' అని రాశాను. తెరిచింది మూయి అని పెరిగినదాన్ని, ఆ మాట రెండుసార్లు చెరిపి మళ్ళీ రాశాను.

ఇంకో గండం, పాతదాన్ని ఆపడం. ఆగిపొమ్మనే సిగ్నల్ ఇస్తే పాత గాదె మర్యాదస్థురాలు, అన్ని లైన్లకీ సెలవు చెప్పి మరీ ఆగుతుంది. సెలవు చెప్పనివ్వకూడదు. సిగ్నల్ అందగానే ఏడో లైను కొత్తదానికి అప్పగించేలా మొదట రాశాను. వంటశాల లైను మీద ప్రయోగిస్తే సగం రాసిన పద్దు మధ్యలో సిగ్నల్ దూరి పద్దంతా పాడయింది. నూర్జహాన్‌కి ఒకే పూట రెండుసార్లు భోజనం పెట్టినట్టు, అసలు పెట్టనట్టు కూడా నమోదైంది. బుద్ధొచ్చింది. సిగ్నల్ ఏ పని మధ్యలో వస్తుందో తెలియదు గనక, అది వచ్చినప్పుడు ఒక్కటే చెయ్యాలి: జెండా ఎత్తాలి. చేతిలో పని ముగించుకుని తల తిప్పినప్పుడు గాదె జెండా చూస్తుంది, అప్పుడు తాపీగా అప్పగింతలు మొదలెడుతుంది.

అప్పగింతలనే మాట ఊరికే రాయలేదు. ఎన్ని అక్షరాలు అందాయో, 'అందింది' అని ఎక్కడిదాకా చెప్పామో, అన్నీ చెప్పి చెయ్యి చేతిలో పెట్టాలి. ఒక్కటి తప్పినా అవతలి ఓడకి మనం ఎవరో కొత్తవాళ్ళం అయిపోతాం.

ఇస్సాకు గారొచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. మావ గిన్నె దగ్గర. బకెట్టు నిండి నీళ్ళు నా కాళ్ళ కిందికి వస్తున్నాయి. సిగ్నల్ ఇచ్చాను. జెండా లేచింది. పాత గాదె చేతిలోని పద్దు ముగించింది, తల తిప్పింది, చూసింది. లైన్లు ఒక్కొక్కటే వెళ్ళాయి. ఏడోది ఆఖర్న వెళ్ళింది. పాత మిషను ఎవరికీ సెలవు చెప్పకుండా ఆగిపోయింది.

గది ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు ఇప్పటిదాకా తెలియదు. పుట్టినప్పటినుంచీ దాని హోరు వింటున్నాను. దాని మీద చెయ్యి పెట్టి ఉంచాను, చల్లారేదాకా.

7. నీళ్ళు పట్టే రోజు

కొత్త గాదె ఏడో లైను తెరిచే ఉందంటోంది. అది అనడం కాదు, అటునుంచి అక్షరం రావాలి. వస్తే అప్పగింతలు సరిగ్గా జరిగినట్టు. రాకపోతే ఏం జరిగినట్టో నేను రాయలేను.

రెండు కోతలు, రెండు కడుగుళ్ళు పోయాయి. మావ పైకి వెళ్ళి గీకిన మంచే గీకుతున్నాడు. నేను తిన్నది ఒంటపట్టట్లేదు. ఊళ్ళో అందరికీ సంగతి పాకింది. దారిలో కనిపించినవాళ్ళంతా 'వచ్చిందా' అని అడుగుతున్నారు. ఏం వచ్చిందా అని ఎదురడగాల్సిన పనే లేదు.

ఇవాళ నూర్జహాన్ నాకు గంజి తెచ్చి, ఈ పూటైనా తాగకపోతే నెత్తిన పోస్తానని బెదిరిస్తుండగా వచ్చింది. ళీ. నూర్జహానే ముందు చూసింది. గంజి గిన్నె కింద పెట్టి నెమ్మదిగా నేల మీద కూర్చుంది.

"ఇది వాళ్ళేనా?" అంది.

"వాళ్ళే."

"ఇంతమందీ నిద్రలో ఉన్నారు, ఎవరు అడుగుతున్నారు మరి?"

"వాళ్ళ గాదె. వాళ్ళ తరఫున."

మలి ఓడ మనుషులకి గూళ్ళు ఎన్ని ఖాళీ. ఇక మిగిలింది వాక్యం ముగిసిందని చెప్పే గుర్తు ఒక్కటే. అది వచ్చిన మరుక్షణం గాదె జవాబిస్తుంది. నూర్జహాన్ లేచి, వంటశాల సామాన్లు పెట్టుకునే మూడు గూళ్ళూ ఇవాళే ఖాళీ చేయిస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

8. తెరలు కడిగే రోజు

ఇది రాస్తుంటే కూడా నమ్మబుద్ధి కావట్లేదు.

నిన్న ఇస్సాకు గారు ఊరందర్నీ పెద్ద తొట్టి దగ్గరికి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. గూళ్ళు ఖాళీ చేస్తే సరిపోదు. అంతమందికి గాలి కావాలంటే ఆ వరస పొడుగునా కొత్త పాచి తొట్లు పెట్టాలి. వాటికి విత్తనం మన తొట్లలోంచే తియ్యాలి, ఆ పాచి పెరిగేదాకా మన తొట్లు గాలి తక్కువ ఇస్తాయి. అంటే అందరికీ వాటా తగ్గుతుంది. తలనొప్పులొస్తాయి, మెట్లెక్కితే ఆయాసమొస్తుంది, పిల్లలకి మాత్రం తగ్గించం. "నేను లెక్క చెప్పాను. మీరు మాట చెప్పండి," అన్నారు.

అప్పుడు పైడిరాజు మావ లేచాడు. అడుగుతాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను.

"నా కోసరం ఎవురూ సెయ్యక్కర్లేదు," అన్నాడు. "నా అప్ప ఒక్కర్తే అయితే నా గాలి దానికిచ్చీసి నేను పోదును. రెండొందల మంది ఉన్నారు. ఆళ్ళకి మనం తప్ప ఎవుర్నడగాలో తెల్దు. అందుకే అడుగుతన్నారు. అంతే బాబూ."

కూర్చున్నాడు. బడి మేష్టారు తన గూళ్ళు ఇచ్చేశాడు, పాఠాలు నడవలో చెప్తానన్నాడు. మగ్గాలవాళ్ళు ఇచ్చారు. కొత్తగా పెళ్ళయిన జంట, మేం అమ్మావాళ్ళతో సర్దుకుంటాం అన్నారు, ఆ అమ్మాయి మొహం చూస్తే సర్దుకోవడం ఎంత కష్టమో తెలుస్తూనే ఉంది, అయినా అన్నారు. చేతులు పైకి లేస్తూనే ఉన్నాయి. ఇస్సాకు గారు లెక్కపెట్టడం మధ్యలో ఆపేసి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

పచ్చడి జాడీలు నా మంచం కిందికి వచ్చాయి. రెండు పగిలాయి. గది అంతా ఆవపిండి ఘాటు.

9. పాచి కోత రోజు

కొత్త తొట్లలో పాచి పట్టింది. ఊరంతా ఆయాసపడుతూ నడుస్తోంది, మాటలు తగ్గించుకుంది, నేను కూడా. ఖాళీ అయిన ప్రతి గూటినీ ఇస్సాకు గారు స్వయంగా చూసి, గాలి కొలిచి, అప్పుడే గాదెలో రాయనిస్తున్నారు. ఒక్క అంకె ముందుగా రాయనివ్వరు. నూట ఎనభై దగ్గర రెండుసార్లు ఆగిపోయాం. ముగింపు గుర్తు ఈలోపే వస్తుందేమోనని నేను తెర వైపు చూడ్డానికి భయపడ్డాను. రావాలని ఇన్నాళ్ళు కోరుకున్నదాన్ని, కాస్త ఆలస్యంగా రా తల్లీ అని వేడుకున్నాను.

ఆఖరి గూటికి ఇవాళ గాలి సరిపోయింది. ఆయన తలూపారు, నేను రాశాను. రాసిన మరుక్షణమే వచ్చిందని అనలేను, అబద్ధమవుతుంది. భోజనాలయ్యాక వచ్చింది. చిన్న చుక్క.

గాదె ఎవర్నీ అడగలేదు. తన లెక్క చూసుకుంది. తెర మీద జవాబు రాసింది, పైన గిన్నె దాన్ని పట్టుకుని చీకట్లోకి చెప్పడం మొదలుపెట్టింది, ఒకసారి, మళ్ళీ, మళ్ళీ: రెండొందల పద్నాలుగు.

మా ఊరి చరిత్రలో ఇంత పెద్ద మాట ఎవరూ పలకలేదు. గదిలో ఉన్న పదిమందిమీ తెర మీద ఆ అంకెని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాం. అంకె నిజమైనది. మా ఊపిరిలోంచి కోసి ఇచ్చింది. అది అక్షరం అక్షరంగా ఆ ఓడని చేరడానికి నెలలు. ఓడ ఏం చేసిందో మాకు తెలియడానికి మళ్ళీ నెలలు. ఏడో లైను దగ్గర 'ఎంతకాలమైనా' అన్నది అలాగే ఉంది.

10. ఊరకుండే రోజు

చిట్టా మధ్యలో చాలా పేజీలు రూలు ప్రకారమే రాశాను. వేడి, కరెంటు, గాదె. చెప్పుకోడానికి ఇంకేమీ లేదు, ఎదురుచూపు తప్ప. మా గాలి మళ్ళీ నిండింది, పాచి దట్టంగా పెరిగింది, ఆ వరసలో గూళ్ళన్నీ ఊడ్చి, దుప్పట్లు పరిచి, ఎవరూ అడుగుపెట్టకుండా ఉంచాం.

ఇవాళ పైనుంచి మావ పిలిచాడు. కంగారు లేదు, "ఒకపాలి రా" అన్నాడంతే. మెట్లన్నీ ఎక్కి వెళ్ళాను. నా వెనక ఎవరెవరు వచ్చారో చూడలేదు. మావ కిటికీ దగ్గర నిలబడి పెద్దమ్మ అంచు పక్కన చూపించాడు. అక్కడ నక్షత్రం లేదని నాకు తెలుసు. ఇప్పుడు ఉంది. తెల్లగా, కదలకుండా, మావైపే తిరిగి మండుతోంది. వేగంగా వచ్చే ఓడ ఆగాలంటే తన మంటని ముందుకి తిప్పి కాల్చాలి. మేం చూస్తున్నది ఆ మంట.

ఆగుతున్నారు.

ఇస్సాకు గారు మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థన మొదలుపెట్టారు. నూర్జహాన్ నా భుజం పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా. పిల్లలు వచ్చి కిటికీకి ముక్కులు ఆనించారు. ఇంత చిన్న వెలుగు అంత పెద్ద చీకటిని నిండా ఆక్రమించగలదని నేను అనుకోలేదు.

మంట వెలిగించడానికి ముందు లేపేది ఇంజన్లవాళ్ళనే. అంటే పైడితల్లి లేచింది. ఆ సంగతి మావకి నేను చెప్పక్కర్లేదు. అతను నాతోపాటు కిందికొచ్చి గాదె ముందు కూర్చున్నాడు. ఏడో లైను మీద మనం కూడా మాట పంపొచ్చా అని అడిగాడు. పంపొచ్చన్నాను, కానీ ఒక్కొక్క అక్షరం నెమ్మదిగా పోతుంది, పొదుపుగా చెప్పమన్నాను. రెండుసార్లు మొదలెట్టి ఆపేశాడు. చివరికి చెప్పాడు, నేను రాశాను, గాదె పంపడం మొదలుపెట్టింది.

అప్పా, నేను రాజుని. ముసలోణ్ణయిపోనాను. బయపడకు.